టిబెట్ ఆభరణాలు, బౌద్ధ పూజా వస్తువులు

టిబెట్ దేశీయుల మెడలో వ్రేలాడే చిన్న వెండి పెట్టెను తొలిసారి చూచినవారు దానిని నగ అనుకొంటారు. నగిషీ పనితో, నడుమ పొదిగిన ఫిరోజా రాళ్లతో అది చూడ ముచ్చటగా ఉంటుంది. కాని దాని అసలు విలువ లోపల ఉన్నది. మంత్రాలు వ్రాసిన కాగితపు చుట్ట, చిన్న బుద్ధ ప్రతిమ, గురువు ధరించిన వస్త్రపు తునక వంటివి అందులో భద్రపరుస్తారు. దీనిని 'గావు' అంటారు. వీరశైవులు లింగకాయను ధరించినట్లే టిబెట్ బౌద్ధులు దీనిని ధరిస్తారు. దూరయాత్రలకు వెళ్లేవారికి అది వెంట నడిచే పూజామందిరం. నగకు, పూజా వస్తువుకు నడుమ గీత గీయకపోవడమే టిబెట్ సంస్కృతిలోని విశేషం.

ఆభరణాలలో పొదిగే రాళ్లకు కూడ ఇట్టి అర్థమే కలదు. ఫిరోజా రాయి ధరించినవారి ప్రాణశక్తికి ఆశ్రయమని వారి విశ్వాసం. కన్నులవంటి గుర్తులు గల 'జీ' అనే అకీకు పూస కీడును తొలగిస్తుందని నమ్ముతారు. లడఖ్ స్త్రీలు నుదుటి నుండి వీపు వరకు ధరించే 'పేరక్' అనే శిరోభూషణంపై ఫిరోజాలను వరుసలుగా కుట్టుతారు. సంప్రదాయం ప్రకారం అది తల్లి నుండి పెద్ద కుమార్తెకు సంక్రమిస్తుంది. టిబెట్‌కు సముద్రం లేదు. అయినను అక్కడి హారాలలో పగడాలున్నవి, ఆరామాలలో శంఖాలు మ్రోగుతున్నవి. పగడాలు మధ్యధరా సముద్ర తీరాల నుండి వర్తకుల ద్వారా చేరినవి.

పూజా వస్తువులలో ముఖ్యమైనవి వజ్రం, ఘంట. ఇవి బౌద్ధ ధర్మంతోపాటు భారతదేశం నుండి వెళ్లినవే. మన పురాణాలలో ఇంద్రుని ఆయుధమైన వజ్రం అక్కడ 'దోర్జె' అయినది. ఆ మాటకు రాళ్లకు రాజు అని అర్థం. దార్జిలింగ్ పేరులో ఉన్నది ఈ దోర్జెయే. పూజలో కుడిచేత పట్టే వజ్రం కరుణతో కూడిన ఉపాయానికి, ఎడమచేత పట్టే ఘంట ప్రజ్ఞకు సంకేతాలు. ఒకటి లేక రెండవది పూర్ణం కాదని దీని భావం.

ఈ సంబంధంలో ఆంధ్రదేశానికి కూడ భాగం ఉన్నది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో ఉపదేశించినాడని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. లాసా సమీపాన 1416లో స్థాపితమైన డ్రెపుంగ్ మహావిహారం పేరు ధాన్యకటకానికి టిబెట్ రూపమే. 2006 జనవరిలో దలైలామా అమరావతిలోనే కాలచక్ర దీక్షను నిర్వహించినారు.

1959లో దలైలామా భారతదేశానికి వచ్చిన పిమ్మట వేలాది శరణార్థులు ఆయనను అనుసరించినారు. వారిలో పలువురు వెంట తెచ్చుకొన్న నగలను పొట్టకూటికై అమ్ముకొనవలసివచ్చింది. అంగడికి చేరిన గావుకు వెండి తూకమే వెల అయినది. లోపలి మంత్రమేదో, ధరించినవారెవరో చెప్పేవారు లేకపోయినారు. వస్తువు మిగిలినను దాని కథ పోయినది.

ఆ కథను నిలుపుటకు వస్తువుతోపాటు విద్య కూడ నిలవాలి. 1958లో నెహ్రూ ప్రారంభించిన గాంగ్‌టక్‌లోని నాంగ్యాల్ టిబెట్ విజ్ఞాన సంస్థ విగ్రహాలను, గ్రంథాలను భద్రపరుస్తున్నది. ధర్మశాల సమీపాన 1988లో ఏర్పడిన నార్బులింకా సంస్థలో లోహ విగ్రహాల తయారీని, చిత్రకళను యువతకు నేర్పుతున్నారు. మ్యూజియంలో గావును చూచే విద్యార్థులు ఏ లోహం, ఏ రాయి అని అడుగుటతో ఆగక, ఎవరు ధరించినారు, లోపల ఏమి ఉంచినారు అని కూడ అడగాలి.