చప్పుడు చేసే ఫ్యాను

జీడిమెట్ల ఫ్యాక్టరీల ఊరు. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. ఇక్కడ మందుల కంపెనీలు ఉన్నాయి. ప్లాస్టిక్కు కంపెనీలు ఉన్నాయి. ఇనుప సామాను చేసే షెడ్లు ఉన్నాయి. పొద్దంతా మిషన్ల మోత. రోడ్డు మీద లారీల మోత. పనికి పోయి వచ్చిన ఆడవాళ్లకు కాసేపు నిమ్మళం కావాలి.

షాపూర్‌నగర్ దగ్గర ఒక బస్తీ అనుకుందాం. అక్కడ ఒక పొదుపు సంఘం ఉంది. సంఘానికి ఒక చిన్న గది ఉంది. గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, కిస్తుల లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి.

కొన్నాళ్లుగా ఆ కంప్యూటరు గరగరమంటోంది. మీటింగులో ఒకరి మాట ఒకరికి వినపడదు. కిస్తు ఎంత కట్టారో చెబితే, "ఎంత? ఎంత?" అని రెండుసార్లు అడగాలి. అంకె తప్పు విని తప్పు రాస్తే తగాదాలు వస్తాయి.

దుకాణం మనిషిని పిలిచారు. అతను పెట్టె తెరవలేదు. "ఇది ముసలిదయింది. కొత్తది కొనండి" అని చెప్పి పోయాడు. కొత్తదంటే వేల రూపాయలు. ఆ డబ్బు ఎవరిది? నెల నెలా పైసా పైసా కూడబెట్టిన అందరిదీ.

అప్పుడు ఒకామె అన్నది: "లోపల ఫ్యానే గద సప్పుడు చేసేది. దాని తీగ పీకేస్తే పోదా?"

బస్తీలో ఐటీఐ చదివిన అమ్మాయి అక్కడే ఉంది. "వద్దు చిన్నమ్మా! ఫ్యాను ఆగితే కంప్యూటరే పోతది" అన్నది.

"గింత చిన్న ఫ్యానుకు అంత పనేముంది బిడ్డా?"

"చెప్త చిన్నమ్మా, వినుండ్రి."

ఫ్యాను ఎందుకు?

కంప్యూటరులో ఒక చిప్పు ఉంటుంది. దాన్ని ప్రాసెసర్ అంటారు. లెక్కలన్నీ చేసేది అదే. అది కరెంటు తీసుకుంటుంది. తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. గట్టిగా పని చేసేటప్పుడు చాలా చిప్పులు 65 వాట్లో, అంతకన్నా ఎక్కువో తీసుకుంటాయి. పాత 60 వాట్ల గుండు బల్బు ఎంత కాలేదో గుర్తుందా? అంత వేడి ఈ చిన్న చిప్పులో పుడుతుంది.

ఆ వేడిని లాగడానికి చిప్పు మీద ఒక లోహపు దిమ్మె పెడతారు. దానికి దువ్వెన పళ్లలాంటి రేకులు ఉంటాయి. దాని పేరు హీట్‌సింక్. దాని మీద ఫ్యాను తిరుగుతుంది. ఆ గాలికి రేకులు చల్లబడతాయి. పెట్టె వెనక ఇంకొక ఫ్యాను ఉంటుంది. అది వేడి గాలిని బయటికి నెడుతుంది. కరెంటు డబ్బాలో మరొక ఫ్యాను ఉంటుంది. ఆ డబ్బాను ఎస్‌ఎంపీఎస్ అంటారు.

ఫ్యాను ఆగితే వేడి లోపలే నిలుస్తుంది. ముందు కంప్యూటరు మెల్లగా నడుస్తుంది. వేడి 100 డిగ్రీల దగ్గరికి పోతే తనంతట తాను ఆగిపోతుంది. అప్పుడే రాస్తున్న లెక్క పోతుంది. ఎప్పుడూ వేడిలోనే నడిస్తే సామాను తొందరగా చెడుతుంది. ఎండాకాలంలో మన దగ్గర గదే కాలిపోతుంటుంది. అప్పుడు ఫ్యాను అవసరం ఇంకా ఎక్కువ.

ఈ బాధ ఈనాటిది కాదు. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరును లోకానికి చూపించారు. అది ఒక పెద్ద గది అంత ఉండేది. అందులో 17 వేలకు పైగా గాజు గొట్టాలు ఉండేవి. వాటిని చల్లబరచడానికి పెద్ద పెద్ద గాలి మిషన్లు పెట్టారు. మన హైదరాబాదులో 1967లో ఈసీఐఎల్ కంపెనీ మొదలైంది. అక్కడ కూడా కంప్యూటర్లు తయారు చేశారు. కంప్యూటరు చిన్నదయింది గాని వేడి పోలేదు.

ఏ చప్పుడుకు ఏ కారణం?

పిల్ల ఏడిస్తే తల్లి చెవి పెట్టి వింటుంది. ఆకలి ఏడుపు వేరు, కడుపునొప్పి ఏడుపు వేరు. మిషను చప్పుడు కూడా అంతే.

హోరుమంటే: రేకుల్లో దుమ్ము నిండింది. లోపల వేడి పెరిగింది. అందుకే ఫ్యాను ఇంకా వేగంగా తిరుగుతోంది.

గరగరమంటే: ఫ్యాను ఇరుసు దగ్గర నూనె ఎండిపోయింది. బుష్షో, బేరింగో అరిగింది. ఆ ఫ్యాను మార్చాలి.

టకటకమంటే: ఏదో తీగ రెక్కలకు తగులుతోంది. తీగను పక్కకు కట్టాలి.

పెట్టె మొత్తం వణికితే: స్క్రూలు వదులైనాయి. బిగించాలి.

టిక్కు టిక్కుమంటే: అది ఫ్యాను కాకపోవచ్చు. లెక్కలు దాచే హార్డ్ డిస్క్ కావచ్చు. వెంటనే లెక్కలన్నీ వేరేచోట కాపీ చేసుకోవాలి. ఆ తరవాతే మిగతా పని.

ఏ ఫ్యాను చప్పుడు చేస్తోందో తెలియకపోతే ఒక ఉపాయం ఉంది. పాత పేపరును గొట్టంలా చుట్టండి. ఒక కొస చెవి దగ్గర పెట్టండి. ఇంకో కొస ఒక్కొక్క ఫ్యాను వైపు పెట్టండి. రెక్కలకు తగలనివ్వకండి. డాక్టరు గుండె చప్పుడు విన్నట్టు వినండి. దొంగ దొరుకుతుంది.

ముందు దుమ్ము దులపండి

చాలాసార్లు దుమ్ము తీస్తేనే సగం చప్పుడు పోతుంది. అందుకు పైసా ఖర్చు లేదు.

1. కంప్యూటరును ఆపండి. స్విచ్చి ఆపండి. ప్లగ్గు పీకండి.

2. పక్క రేకు స్క్రూలు విప్పండి. లోపల చేయి పెట్టే ముందు పెట్టె ఇనుమును ఒకసారి ముట్టండి. మన ఒంటి మీద చిన్న కరెంటు ఉంటుంది. అది చిప్పులకు చెరుపు చేస్తుంది. ఇనుమును ముడితే పోతుంది.

3. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిగుడ్డ పెట్టకండి.

4. దులిపేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి. వాటిని గిరగిర తిరగనివ్వకండి.

దులిపినా గరగర పోలేదంటే ఫ్యాను మార్చాలి.

ఎలాంటి ఫ్యాను కొనాలి?

కుట్టు మిషను దగ్గరి టేపు తీసుకోండి. ఫ్యాను చట్రాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలవండి. 8 సెంటీమీటర్లు ఉండవచ్చు. 12 కూడా ఉండవచ్చు. దళసరి కూడా కొలవండి. ఎక్కువగా రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఫ్యాను మీద స్టిక్కరు ఉంటుంది. దాని మీద అంకెలు చదవండి. పెట్టె ఫ్యాన్లు మామూలుగా 12 వోల్టులవి. ప్లగ్గుకు ఎన్ని రంధ్రాలో లెక్కపెట్టండి. మూడో, నాలుగో ఉంటాయి. అన్నిటికన్నా మంచిది, పాత ఫ్యానునే దుకాణానికి తీసుకుపోవడం.

పెట్టెలో చోటు ఉంటే పెద్ద ఫ్యాను పెట్టండి. చిన్న గరిటెతో తొమ్మిదిసార్లు పోసే పప్పు పెద్ద గరిటెతో నాలుగుసార్లకే అయిపోతుంది. 12 సెంటీమీటర్ల ఫ్యాను కూడా అంతే. మెల్లగా తిరిగినా సరిపడా గాలి ఇస్తుంది. మెల్లగా తిరిగితే చప్పుడు తక్కువ. ఒకే ఫ్యాను వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్లు తగ్గుతుంది. చప్పుడును కొలిచే కొలత పేరే డెసిబెల్. కాని గాలి కూడా సగమవుతుంది. అందుకే చిన్న ఫ్యానును మరీ మెల్లగా తిప్పకూడదు.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అక్కడ కంప్యూటరు సామాను దుకాణాలు చాలా ఉన్నాయి. మామూలు ఫ్యానుకు కొన్ని వందల రూపాయలు అవుతుంది. రెండు మూడు దుకాణాల్లో ధర అడగండి. రసీదు తీసుకోండి.

వెనక ఫ్యాను మార్చడం

మళ్లీ ప్లగ్గు పీకండి. పాత ఫ్యాను గాలిని ఎటు నెడుతోందో చూసుకోండి. చట్రం మీద బాణం గుర్తు ఉంటే అది చెబుతుంది. వెనక ఫ్యాను గాలిని బయటికి నెట్టాలి. తిరగేసి పెడితే వేడి లోపలికే వస్తుంది. ఫ్యాను ప్లగ్గును పట్టుకుని లాగండి. తీగను పట్టుకుని లాగకండి. నాలుగు స్క్రూలు విప్పండి. కొత్తది అదే చోట బిగించండి. స్క్రూల దగ్గర రబ్బరు బిళ్లలు పెడితే వణుకు పెట్టెకు పాకదు. తీగలను రెక్కలకు దూరంగా కట్టండి. ఆన్ చేసి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. తరవాతే రేకు మూయండి.

రెండు చోట్ల ఆగాలి. ప్రాసెసర్ మీది దిమ్మెను లేపితే మధ్యలో ఉన్న పేస్టు చెడిపోతుంది. కొత్త పేస్టు పెట్టాలి. ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించండి. కరెంటు డబ్బాను మాత్రం విప్పనే కూడదు. ప్లగ్గు పీకిన తరవాత కూడా దాని లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీస్తుంది. అందులో ఫ్యాను చెడితే డబ్బా మొత్తం మార్పించండి.

మన సంఘంలో వెనక ఫ్యానే అరిగింది. అమ్మాయి విప్పింది. చిన్నమ్మ టేపుతో కొలిచింది. పెద్దక్క స్టిక్కరు మీద అంకెలు చదివి కాగితం మీద రాసుకున్నది. ఫ్యాను మారింది. మీటింగులో మాట వినపడింది. సంఘం డబ్బు మిగిలింది.

చెవిని కూడా కాపాడుకోవాలి

కంప్యూటరు ఫ్యానుతో చెవుడు రాదు. చికాకు వస్తుంది, మాట వినపడదు, అంతే. ఫ్యాక్టరీ మోత సంగతి వేరు. 85 డెసిబెల్ల మోతలో రోజుకు 8 గంటలు, ఏళ్ల తరబడి పని చేస్తే చెవి దెబ్బతినవచ్చు. పోయిన వినికిడి తిరిగి రాదు. చేయి చాపు దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే ఆ మోత ఎక్కువని గుర్తు. అలాంటి చోట చెవి రక్షణ సామాను ఇమ్మని అడగండి. అడగడం తప్పు కాదు.

ఇళ్ల దగ్గరి మోతకు కూడా హద్దు ఉంది. 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. ఇళ్లు ఉన్న ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు. పరిశ్రమలు ఉన్న ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా.

గుర్తుంచుకోండి

చప్పుడు వస్తే కారణం వెతకాలి. చప్పుడు చేసే ఫ్యానును ఆపేయకూడదు, బాగు చేయాలి.

పెట్టె తెరిచి చూడకుండా "కొత్తది కొనండి" అంటే నమ్మకండి. "ఏ భాగం చెడింది? చూపించండి" అని అడగండి.

పాత ఫ్యానును చెత్తలో పారేయకండి, కాల్చకండి. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

జవాబులు చెప్పండి

1. ఫ్యాను తీగ పీకేస్తే ఏమవుతుంది?

2. గరగర చప్పుడుకు కారణమేమిటి? టకటక చప్పుడుకు?

3. కరెంటు డబ్బాను ఎందుకు విప్పకూడదు?

చేసి చూడండి

మీ ఇంట్లో, మీ పనిచోట చప్పుడు చేసే మిషన్లు ఏవి? వాటి పేర్లు రాయండి. ఏది ఎలాంటి చప్పుడు చేస్తుందో పక్కన రాయండి. సంఘంలో చదివి వినిపించండి.