పొట్టి గేరు రాడ్డు బిగించుకోవడం ఎలా?

పులివెందుల చుట్టుపక్కల చీనీ, అరటి తోటల దారుల్లో తిరిగే బండ్లకు ఓ రోగం తప్పదు. ఎండ, దుమ్ము కలిసి గేరు రాడ్డు కింది బుష్షులను తినేస్తాయి. రాడ్డు న్యూట్రల్‌లో ఊగులాడుతుంది, మూడో గేరు కోసం చెయ్యి తడుముకుంటుంది. కుర్రాళ్లకు షార్ట్ షిఫ్టర్ మీద మనసు పోయేది అప్పుడే. ముందు బుష్షులు మార్పించి చూడండి, చాలామందికి అక్కడితోనే పని అయిపోతుంది. గేరు వేస్తే కరకరమంటోందా? అది క్లచ్‌దో, గేరుబాక్సులోని సింక్రో రింగులదో జబ్బు. పొట్టి రాడ్డు దాన్ని ఇంకా ముదరబెడుతుంది.

బుష్షులు బాగుండీ చెయ్యి కదిలే దూరం తగ్గాలనుకుంటేనే కిట్టు కొనండి. దాని కిటుకు గడ్డపారతో రాయి లేపినట్టే. రాడ్డు తిరిగే గుండుకు పైన 24 సెంటీమీటర్లు, కింద 6 ఉన్నాయనుకుందాం. కింది కొస రెండున్నర సెంటీమీటర్లు జరగాలంటే చెయ్యి పది జరగాలి. కింది భాగాన్ని 8 చేస్తే ఏడున్నరతో సరి. కానీ బలం మూడో వంతు ఎక్కువ పెట్టాలి. అందుకే బరువులు మోసే పికప్ బండికి ఇది వద్దంటాను. రోజంతా గేర్లు మార్చే డ్రైవరు చెయ్యి పడిపోతుంది.

స్విఫ్ట్, ఐ20 వంటి వాటికి గేరు రాడ్డును గేరుబాక్సుతో కలిపే కేబుళ్లుంటాయి. మారుతి 800కు నేల కింద ఇనుప రాడ్డు. కిట్టు ఆర్డరు పెట్టేముందు మోడలు, సంవత్సరం సరిచూసుకోండి. డబ్బు మిగులుతుందని వెల్డింగ్ షాపులో రాడ్డు కోయించి అతికించొద్దు. అతుకు రోడ్డు మీద ఊడితే చేతిలో నాబు మిగులుతుంది. బండి వారంటీలో ఉంటే ఆ పుస్తకం కూడా ఒకసారి తిరగేయండి.

ఇక కేబులు బండి సంగతి. పొద్దున్నే, చల్లటి ఇంజిన్‌తో, చదును నేల మీద పెట్టండి. పని న్యూట్రల్‌లో చేయాలి కాబట్టి హ్యాండ్‌బ్రేక్ వేసినా సరే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాల్సిందే. బ్యాటరీ మైనస్ తీగ విప్పి కాసేపు ఆగండి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ గేరు రాడ్డు దగ్గర్లోనే ఉంటుంది, అక్కడ సుత్తి పనికిరాదు. నాబు, తోలు కవరు, ప్లాస్టిక్ కన్సోల్ వరసగా విప్పుతూ ఫోనులో ఫొటోలు తీసుకోండి.

కేబులు కొస రాడ్డు గుండు మీద టోపీలా బిగుసుకుని ఉంటుంది. రెండు స్క్రూడ్రైవర్లతో రెండు వైపులా సమంగా లేపండి. ఒక పక్కే లేపితే ప్లాస్టిక్ చిట్లుతుంది. క్లిప్పులు తీసి, అడుగు బోల్టులు విప్పి మొత్తం పైకి ఎత్తండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి గుండు సైజు, బోల్టు రంధ్రాలు పోల్చుకోండి. తిరిగే చోట గ్రీజు పలచగా రాస్తే చాలు. మెత్తితే మన దుమ్మంతా అక్కడే చేరి గరుకు కాగితం పని చేస్తుంది.

బిగించాక న్యూట్రల్‌లో వదిలితే రాడ్డు తనంతట తానే మూడు, నాలుగు గేర్ల వరసలో నిలబడాలి. పక్కకు వాలితే కేబులు సర్దాలి.

అసలు పరీక్ష కన్సోల్ తిరిగి పెట్టాక. ఇంజిన్ ఆపే ఉంచి, క్లచ్ తొక్కి ఒక్కో గేరూ వేయండి. పడకపోతే బలవంతం చేయకండి, రాళ్లు తీసి బండిని జానెడు నెడితే పళ్లు కలుస్తాయి. ప్రతి గేరులోనూ రాడ్డుకూ ప్లాస్టిక్ అంచుకూ మధ్య చిటికెన వేలు దూరాలి. రాడ్డు అంచుకు ఆనితే గేరు సగమే పడినట్టు. ఎక్సలేటర్ వదలగానే ఎగిరి న్యూట్రల్‌లోకొస్తుంది. చివరగా బ్యాటరీ తీగ తిరిగి బిగించి, తాళం తిప్పి చూడండి, రివర్సులో వెనక లైటు వెలగాలి.

ముద్దనూరు రోడ్డు ఎక్కకముందు ఖాళీ వీధిలో చెయ్యి అలవాటు చేసుకోండి. నాలుగుకు బదులు రెండులో పడితే ఇంజిన్ చెడుతుంది. విప్పిన పాత రాడ్డు మాత్రం పాత ఇనుము వాడికి వేయకండి, బండి అమ్మేరోజు కొనేవాడు అదే కావాలంటాడు.