ఊదితే ఆరిందా, అంటుకుందా?

విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ కొలిమి పేరు ‘గోదావరి’. దానిని 1990లో వెలిగించారు. ఈ సంగతిని ఇంజనీర్లు ఇంగ్లీషులో ఇలా చెబుతారు: ‘‘ది ఫర్నేస్ వాజ్ బ్లోన్ ఇన్ ఇన్ 1990.’’

రెండు ‘ఇన్’లు చూసి అచ్చుతప్పు అనుకోకండి. రెండవది సంవత్సరానికి సంబంధించినది. మొదటిది ‘బ్లో’ అనే క్రియను అంటిపెట్టుకున్నది. దానిని తీసేస్తే వాక్యం చెడిపోతుంది.

నిఘంటువు తీయండి. ‘బ్లో’ అంటే ఊదు, వీచు. ‘ఇన్’ అంటే లోపల. రెంటినీ కూడితే ‘లోపలికి ఊదారు’ అని వస్తుంది గాని, ‘కొలిమి వెలిగించి పని ప్రారంభించారు’ అని రాదు. అసలు అర్థం మాత్రం అదే. బ్లాస్ట్ కొలిమిలోకి పైనుంచి ముడి ఇనుము, కోక్, సున్నపురాయి పోస్తారు. అడుగు భాగంలోని గొట్టాల ద్వారా బాగా వేడెక్కిన గాలిని బలంగా లోపలికి పంపుతారు. ఆ గాలితోనే కోక్ మండుతుంది, ముడి ఇనుము నుంచి ఇనుము వేరై కరుగుతుంది. గాలి లోపలికి వెళ్లడంతోనే కొలిమి జీవితం మొదలవుతుంది కనుక ‘బ్లో ఇన్’ అన్నారు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు అది పని చేస్తూనే ఉంటుంది. చివరకు లోపలి ఇటుకలు మార్చడానికి కొలిమిని చల్లార్చినప్పుడు ‘బ్లో అవుట్’ అంటారు. మన ఇంట్లో కొవ్వొత్తిని ఊది ఆర్పినా ‘బ్లో అవుట్’ అనే అంటారు!

ఇలా క్రియకు ఒక చిన్న మాట చేరి, రెండూ కలిసి కొత్త అర్థం ఇస్తే దానిని ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. ‘‘మెనీ ట్రీస్ వర్ బ్లోన్ డౌన్’’ – చాలా చెట్లు గాలికి కూలిపోయాయి. ‘‘ది స్టార్మ్ బ్లూ ఓవర్’’ – తుపాను వెలిసింది. ‘ఓవర్’ అంటే ‘మీద’ కదా అని ‘తుపాను మా మీద వీచింది’ అని రాసిన విద్యార్థి, వెలిసిన తుపానును మళ్లీ రప్పించినట్లే. ఇక ‘బ్లో అప్’ మరీ చిత్రమైనది. బుడగను ఊదడమూ ‘బ్లో అప్’, వంతెనను పేల్చివేయడమూ ‘బ్లో అప్’.

ఇదేం భాష అని విసుక్కోకండి. మన తెలుగు తక్కువ తిన్నదా? ‘కని’కి ‘పెట్టు’ చేరిస్తే ‘చూసి ఉంచు’ అని రావాలి. కాని గ్రాహంబెల్ టెలిఫోను కనిపెట్టాడు. అమ్మ మాత్రం, ‘‘పొయ్యి మీద పాలు కాస్త కనిపెట్టి ఉండు’’ అంటుంది. బడి ఎగ్గొట్టినవాడు ఎవరినీ కొట్టలేదు, దెబ్బలు తినేది తానే. వీటిని మనం ముక్కలు చేసి నేర్చుకోలేదు, వాక్యంతో సహా విని నేర్చుకున్నాం. ఇంగ్లీషు వాటినీ అలాగే పట్టుకోవాలి. ‘బ్లో’ కింద పది అర్థాల పట్టిక బట్టీ పట్టడం వృథా శ్రమ అని నా అభిప్రాయం.

కర్మాగారం నుంచి ఓడల వైపు వద్దాం. విశాఖ సింధియా షిప్‌యార్డులో నిర్మించిన ‘జల ఉష’ ఓడకు 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఓడ నిర్మాణం మొదలయితే ‘లెయిడ్ డౌన్’ అంటారు. ఓడకు వెన్నెముక వంటి అడుగు దూలాన్ని మొదట పరుస్తారు కనుక ఆ మాట వచ్చింది. అదే ఓడను పని లేక రేవులో కట్టిపడేస్తే ‘లెయిడ్ అప్’. పని లేదని కార్మికులను తొలగిస్తే ‘లెయిడ్ ఆఫ్’. పత్రికలో ఈ చివరి రెండింటినీ తారుమారుగా చదివితే ఓడ సంగతి మనుషులకు, మనుషుల సంగతి ఓడకు అంటగట్టినట్లవుతుంది.

1933లో ప్రారంభమైన విశాఖ రేవులో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు దారి గుండా ఓడ లోపలి హార్బరుకు చేరుతుంది. దారి చూపడానికి రేవు పైలట్ ఓడ ఎక్కుతాడు. కెప్టెన్ ఒక దేశంవాడు, నావికులు వేరే దేశాలవాళ్లు కావచ్చు. అందరికీ ఇంగ్లీషే దిక్కు. అక్కడ ‘‘లెట్ గో’’ అనే ఆజ్ఞ ఉంది. ‘గో’ కూడా క్రియే కనుక ఇది అచ్చమైన ఫ్రేజల్ వెర్బ్ కాకపోవచ్చు, దగ్గరి చుట్టమే. తాళ్ల విషయంలో ‘లెట్ గో’ అంటే విప్పేయమని. ఓడ గట్టును విడిచిపెడుతుంది. లంగరు విషయంలో ‘లెట్ గో’ అంటే నీళ్లలోకి జారవిడవమని. లంగరు నేలను పట్టుకుని ఓడను నిలుపుతుంది. ఒకే మాటతో ఓడ కదలనూవచ్చు, ఆగనూవచ్చు. కనుక దేనిని వదలాలో కూడా చెప్పి తీరాలి. ఇలాంటి చోట పొరపాటు పడితే పోయేది మార్కులు కాదు. అందుకే అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2001లో ఓడలవాళ్లు వాడవలసిన ప్రామాణిక వాక్యాలను ఆమోదించింది.

ఇంట్లో మనకు అంత ప్రమాదం లేదు గాని, ‘కొళాయి కట్టేయి’ని ‘‘టై ది ట్యాప్’’ అంటే నవ్వుతారు. ‘‘టర్న్ ఆఫ్ ది ట్యాప్’’ అనాలి. ట్యాప్ బదులు ‘ఇట్’ వాడితే మాత్రం అది మధ్యకు రావాలి: ‘‘టర్న్ ఇట్ ఆఫ్.’’ ‘‘టర్న్ ఆఫ్ ఇట్’’ తప్పు. అయితే అన్ని జంటలూ ఇలా విడిపోవు. ‘‘హి రాన్ అప్ ఎ బిగ్ బిల్’’ – పెద్ద బాకీ పెంచుకున్నాడు. దీన్ని ‘‘హి రాన్ ఇట్ అప్’’ అనవచ్చు. ‘‘హి రాన్ అప్ ది సింహాచలం స్టెప్స్’’ – మెట్లెక్కి పరుగెత్తాడు. ఇక్కడ ‘‘రాన్ దెమ్ అప్’’ అనకూడదు. ‘అప్’ ఇక్కడ మెట్లకు చెందింది, పరుగుకు కాదు.

ఇప్పుడు మీ వంతు. ఫిషింగ్ హార్బరులో విన్న రెండు వాక్యాలివి అనుకోండి:

‘‘ది ఫిషర్‌మెన్ పుట్ అవుట్ టు సీ.’’

‘‘ది ఫిషర్‌మెన్ పుట్ అవుట్ ది ఫైర్.’’

రెండింటినీ తెలుగులో రాయండి. వీటిలో దేని మధ్యకు ‘ఇట్’ దూరుతుందో తేల్చండి.