భగ్నాస్థి – వక్రాస్థి: అస్థిచికిత్సా పరిణామంలో నల్లగొండ సీమ

భారతీయ వైద్య వాఙ్మయంలో శల్యతంత్రానికి విశిష్టమైన స్థానం ఉంది. అందులోనూ విరిగిన ఎముకను అతికించే విధానాన్ని ప్రతిపాదించిన భగ్నచికిత్స ప్రాచీనుల ప్రత్యక్షానుభవానికి, సూక్ష్మపరిశీలనకు నిదర్శనంగా నిలుస్తుంది. అయితే అస్థిచికిత్సా చరిత్రను విరిగిన ఎముకల చరిత్రగా మాత్రమే గ్రహించడం సమగ్రం కాదు. విరగకుండానే వంగిపోయిన ఎముక కూడా ఈ శాస్త్రానికి విషయమే. ఈ రెండింటికీ గల భేదాన్ని పరిశీలించడానికి పూర్వపు నల్లగొండ జిల్లా వంటి క్షేత్రం అరుదు.

2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు చివ్వెంల, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలన్నీ నల్లగొండ జిల్లాలోనివే. మొదటి మూడూ కొత్త జిల్లాలో చేరాయి. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచింది. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుతుంది. లింగమంతుల స్వామి జాతరతో ప్రసిద్ధమైన పెద్దగట్టు చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి వద్ద ఈ రహదారి చెంతనే ఉంది. రహదారి ప్రమాదాలలో విరిగిన ఎముకలు ఈ సీమకు పరిచితమైనవే. అదే పూర్వపు జిల్లా పడమటి మెట్టభూములలో భూగర్భజలం తరతరాలుగా మనుషుల ఎముకలను వంచింది. మొదటిది చికిత్సకు లొంగే వ్యాధి. రెండవది చికిత్సకంటె ముందు నివారణను కోరే వ్యాధి. ఈ వివేచనమే ప్రస్తుత వ్యాసానికి ఆధారం.

1. సుశ్రుతుని భగ్నవిభాగం

సుశ్రుతసంహిత నిదానస్థానం పదునైదవ అధ్యాయంలో భగ్నలక్షణాలు, చికిత్సాస్థానం మూడవ అధ్యాయంలో భగ్నచికిత్స వివరింపబడ్డాయి. పడడం, నలగడం, దెబ్బ తగలడం, విసురుగా లాగబడడం, క్రూరమృగాల కాటు మొదలైనవి ఇందుకు హేతువులు. భగ్నం ప్రధానంగా రెండు విధాలు: కీలు తన స్థానం నుండి తొలగడం సంధిముక్తం; ఎముక విరగడం కాండభగ్నం. సంధిముక్తం ఆరు విధాలుగానూ, కాండభగ్నం పన్నెండు విధాలుగానూ విభక్తమైంది.

ఈ పన్నెండింటి పేర్లలో చాలావరకు ఆకృతిని బట్టి ఏర్పడినవే. రెండు కొనలు నొక్కుకొనిపోయి నడుమ ముడివలె ఉబికినది కర్కటకం. గుర్రపు చెవివలె పైకి పొడుచుకొని వచ్చినది అశ్వకర్ణం. పొడి అయినది చూర్ణితం. ముక్క మూలుగలోనికి చొచ్చినది మజ్జానుగతం. వీటిలో వక్రమనే భేదం ప్రత్యేకంగా గమనింపదగినది. ఎముక వంగుతుంది కాని విడివడదు. పసిపిల్లల ఎముకలలో పచ్చికొమ్మ వంగినట్లు కనిపించే విరుపును ఆధునికులు గుర్తించారు. సుశ్రుతుని వక్రలక్షణం దానికి సన్నిహితంగా ఉంది. లేత ఎముకలు వంగుతాయని, పొడవైన నలకాస్థులు విరుగుతాయని, కపాలాస్థులు పగులుతాయని ఆయన చేసిన విభాగం కూడా ఈ పరిశీలనకు అనుగుణమే.

చికిత్సలో లాగడం, నొక్కడం, సరిచేసి కూర్చడం, కట్టు కట్టడం అనేవి ముఖ్యక్రియలు. కట్టుకు ఆధారంగా నిలిపే బద్దకు కుశ అని పేరు. ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మర్రి మొదలైన చెట్ల పట్టలు, వెదురు ఇందుకు విహితాలు. కట్టు వదులైతే కీలు స్థిరపడదు. మరీ బిగువైతే వాపు, నొప్పి పుట్టి చర్మం పాకానికి వస్తుంది. కనుక మధ్యమంగా కట్టాలన్నది నియమం. చలికాలంలో ఏడు దినాలకు, సమకాలంలో ఐదు దినాలకు, వేసవిలో మూడు దినాలకు కట్టు మార్చాలి. బాల్యంలో ఒక నెలకు, నడివయసులో రెండు నెలలకు, వార్ధక్యంలో మూడు నెలలకు ఎముక గట్టిపడుతుందని చెప్పడం అనుభవజ్ఞుని మాట.

తొడ, పిక్క ఎముకలు విరిగినవానిని కదలకుండా తలుపుపలక వంటి దానిపై పరుండబెట్టి, అయిదు మేకులతో అవయవాన్ని నిలిపే కపాటశయనం మరొక విశేషం. వంకరగా అతికిన ఎముకను తిరిగి విడదీసి సరిగా కూర్చాలన్న విధి నేటి శస్త్రచికిత్సకు దూరమైనది కాదు. అరచేయి స్వస్థత పొందేటప్పుడు మొదట మట్టిముద్దను, పిమ్మట ఉప్పుగడ్డను, బలం వచ్చాక రాతిని పట్టించాలని చెప్పిన క్రమం నేటి వ్యాయామచికిత్సను స్ఫురింపజేస్తుంది.

2. తెలుగు పలుకుబడి – కట్టు సంప్రదాయం

శాస్త్రంలోని ఈ వివేకం తెలుగువారి నిత్యవ్యవహారంలోనూ కనిపిస్తుంది. ఎముక విరిగింది, కీలు తప్పింది, బెణికింది, చితికింది, బీటవారింది అనే మాటలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. కీలు తప్పడం సంధిముక్తం, విరగడం కాండభగ్నం, బీటవారడం స్ఫుటితానికి చేరువైన మాట. కాళ్లు బయటికి విల్లువలె వంగితే దొడ్డికాళ్లు అంటారు. అనగా విరుపును, వంకరను జానపదులు కూడా వేరువేరుగానే గుర్తించారు.

కట్టు సంప్రదాయానికి తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణ పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలతో వేసే ఈ కట్టు ఎంత ప్రసిద్ధి పొందిందంటే, తమిళనాడులో సైతం పుత్తూరు కట్టు అనేది వైద్యవిధానానికే పేరయింది. సుశ్రుతుడు చెప్పిన వెదురు కుశ ఇందులో నేటికీ నిలిచి ఉంది. అయితే ఈ విధానానికి పరిమితులూ ఉన్నాయి. చర్మం చీలి ఎముక బయటపడినప్పుడు, రక్తనాళం దెబ్బతిన్నప్పుడు, కీలులోపల ఎముక ముక్కలైనప్పుడు కట్టు ఒక్కటే చాలదు. బిగువుకట్టు వలన రక్తప్రసారం ఆగితే అవయవమే నశించే ప్రమాదం ఉంది. సుశ్రుతుడు హెచ్చరించిన దోషం ఇదే.

3. పాశ్చాత్య పరిణామం – కుశ నుండి పరిశ్రమకు

ఐరోపాలోనూ ఈ శాస్త్రం కట్టువైద్యుల నుండి పూర్తిగా విడివడి పుట్టలేదు. ఆధునిక బ్రిటిషు అస్థిచికిత్సకు ఆద్యుడుగా పేర్కొనబడే హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) వేల్సుకు చెందిన కట్టువైద్యుల కుటుంబంలో జన్మించాడు. ఆయన రూపొందించిన తొడ ఎముక బద్దను మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచయుద్ధంలో వ్యాప్తికి తెచ్చాడు. దాని వలన తొడ ఎముక విరిగిన సైనికులలో మరణాలు గణనీయంగా తగ్గాయి.

ఈలోగా మరికొన్ని ఆవిష్కరణలు శాస్త్రస్వరూపాన్నే మార్చాయి. 1850ల ఆరంభంలో డచ్చి సైనిక వైద్యుడు మథైసెన్ పారిస్ ప్లాస్టరు పట్టిన గుడ్డకట్టును ప్రచారంలోకి తెచ్చాడు. 1867లో లిస్టర్ క్రిమినిరోధక శస్త్రచికిత్సను ప్రకటించాడు. 1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. అంతకుముందు చేతిస్పర్శతోనూ, శబ్దంతోనూ ఊహించవలసిన విరుపు అప్పటినుండి కంటికి కనిపించసాగింది.

అదే 1895లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో వార్సా పట్టణాన డిప్యూ సంస్థ నార పదార్థంతో బద్దల తయారీని ప్రారంభించింది. 1927లో అక్కడే జిమ్మర్ సంస్థ అల్యూమినియం బద్దలతో వెలసింది. ఇవే కాలక్రమేణ కృత్రిమ కీళ్లను ప్రపంచమంతటికీ అందించే మహాసంస్థలయ్యాయి. కట్టుబద్ద నుండే ఒక పరిశ్రమ పుట్టిందనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు. ఆపై ఎముక లోపలికి దించే కుంచర్ కడ్డీ, 1958లో స్విట్జర్లాండులో ఏర్పడిన శస్త్రవైద్యబృందం వ్యాప్తిచేసిన లోహఫలకాలు, 1960ల ఆరంభంలో చార్న్‌లీ రూపొందించిన కృత్రిమ తుంటికీలు వరుసగా వచ్చాయి. వెలుపలి కుశ శరీరం లోపలికి ప్రవేశించింది.

పరిశ్రమతోపాటు ధర సమస్య కూడా వచ్చింది. చెట్టుపట్ట ఉచితంగా లభించేది. లోహపు కీలు సామాన్యునికి అందనిదైంది. భారతదేశంలో జాతీయ ఔషధధరల నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో మోకాలి కృత్రిమ కీళ్లకు గరిష్ఠధరలు నిర్ణయించింది. కోబాల్టు–క్రోమియం మిశ్రలోహపు సాధారణ కీలుకు పన్ను కాక 54,720 రూపాయలు అప్పటి పరిమితి. చికిత్స ఎంత గొప్పదైనా అది చేరవలసిన వానికి చేరినప్పుడే సార్థకమన్న ధర్మం ఈ నిర్ణయంలో అంతర్లీనంగా ఉంది.

4. హైదరాబాదులో అస్థిచికిత్స

తెలంగాణంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక వైద్యశాలగా 1964లో హైదరాబాదు పంజాగుట్టలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి ప్రారంభమైంది. అదే తరువాత నిజాం వైద్యవిజ్ఞాన సంస్థగా, నిమ్స్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఒక మహాసంస్థ అస్థిచికిత్సాలయంగా ఆవిర్భవించడం గమనార్హం.

ఈ సంస్థతో ముడిపడిన ఒక ప్రయోగం ఇక్కడ పేర్కొనదగినది. ఏ.పి.జె. అబ్దుల్ కలాం హైదరాబాదు రక్షణ పరిశోధనశాలలో ఉన్న కాలంలో, నిమ్స్ ఎముకల వైద్యుని సూచనపై, క్షిపణుల కొరకు సిద్ధపరచిన తేలికైన మిశ్రమపదార్థంతో వికలాంగ బాలలకు కాలిబద్దలు తయారుచేయించారు. మూడు కిలోలకు పైబడిన లోహపు బద్ద స్థానంలో సుమారు 300 గ్రాముల బద్ద వచ్చిందని కలాం స్వయంగా పలుమార్లు చెప్పారు. చెట్టుపట్ట, వెదురు, నార, లోహం, మిశ్రమపదార్థం – కుశ యొక్క పరిణామంలో చివరి ఘట్టాలలో ఒకటి తెలుగుగడ్డపైనే జరిగిందన్నమాట. సూర్యాపేట, నల్లగొండ పట్టణాలలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైన తరువాత వైద్యవిద్య ఈ సీమకు మరింత చేరువైంది.

5. నల్లగొండలో వక్రాస్థి

ఇంతవరకు చెప్పినది భగ్నాస్థి వృత్తాంతం. వక్రాస్థి వృత్తాంతం దీనికి భిన్నమైనది. ఎముకలను వికృతం చేసే ఫ్లోరోసిస్ వ్యాధి ఈ దేశంలో మొదట 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో శాస్త్రీయంగా గుర్తింపబడింది. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ పరిశోధనను ప్రకటించారు. 1955లో ఏ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించడంతో ఈ సీమ పేరు ప్రపంచ వైద్యసాహిత్యంలోకి ఎక్కింది.

ఈ ప్రాంతపు గ్రానైటు శిలలలో ఫ్లోరిన్ గల ఖనిజాలు ఉన్నాయి. వర్షం తక్కువైన మెట్టభూమిలో, క్షారగుణం గల భూగర్భజలంలో అవి క్రమంగా కరుగుతాయి. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన పరిమితి. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగితే ఫ్లోరైడు ఎముకలోని ఖనిజనిర్మాణంలో ప్రవేశిస్తుంది. మొదట పండ్లపై చారలు పడతాయి. పిమ్మట కీళ్లు బిగుసుకుంటాయి. స్నాయువులు సైతం ఎముకవలె గట్టిపడతాయి. వెన్ను వంగి, వెన్నుపాము నలిగి, మనిషి మంచాన పడవచ్చు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాలు ఈ బాధను అధికంగా అనుభవించాయి.

1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక రూపాన్ని లోకానికి తెలిపారు. ఎదిగే వయసులోని పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎముకలు చిక్కబడడానికి బదులు పలచబడుతున్నాయి. జొన్న ప్రధానాహారమైనవారిలో మాలిబ్డినం, రాగి లోహాల సమతౌల్యం చెడడం ఇందుకు తోడ్పడుతుందని పరిశోధకులు భావించారు. నీరు, నేల, తిండి మూడూ కలిసి ఎముకను తీర్చుతాయన్న సత్యం దీని వలన విదితమవుతుంది.

ఈ వంకర సుశ్రుతుడు చెప్పిన వక్రభగ్నం కాదు. అది ఒక్కనాటి దెబ్బతో కలిగేది; ఇది ప్రతిదినం త్రాగే నీటితో కలిగేది. దీనికి ఏ బద్దా నిలువదు. శస్త్రచికిత్సతో ఎముకను కోసి కాలిని నిటారుగా నిలపవచ్చు. కాని ఇంటికి వెళ్లిన బాలుడు అదే నీటిని త్రాగితే ఆ శస్త్రచికిత్స ప్రయోజనం ఎంతకాలం నిలుస్తుంది?

6. జలశోధనమే చికిత్స

ఈ ప్రశ్నకు సమాధానం వైద్యశాలలో కాక బావి వద్ద వెదకబడింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970ల నడుమ ఒక జలశోధన విధానాన్ని రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి నీటిలో కలిపి, అడుగున తేరిన మడ్డిని విడదీసి, నీటిని వడకట్టడం దాని క్రమం. దీనికి నల్లగొండ విధానమనే పేరు స్థిరపడింది. ఇతర దేశాలలోనూ ఈ పేరుతోనే దీనిని ప్రయోగించారు. మడ్డిని పారవేయడం, నీటిలో అల్యూమినియం మిగలడం, నిత్యమూ మోతాదు సరిచూడవలసి రావడం దీనిలోని లోపాలు.

సుశ్రుతుడు సూత్రస్థానంలో కలుషజలాన్ని తేర్చే ఏడు సాధనాలను చెప్పాడు. వాటిలో మొదటిది కతకం, అనగా చిల్లగింజ. వస్త్రంతో వడకట్టడం మరొకటి. తేర్చడం, వడకట్టడం అనే క్రియలు రెండింటా సమానం. భేదం ఒక్కటే. చిల్లగింజ కంటికి కనిపించే మురికిని తేరుస్తుంది. ఫ్లోరైడు నీరు చూపునకు నిర్మలంగానే ఉంటుంది. ప్రాచీనుల వద్ద ఈ దోషాన్ని గుర్తించే సాధనం లేదు. నేడు ఉంది. కనుక నేటివారి బాధ్యత మరింత గురుతరమైనది. కృష్ణానదీజలాల సరఫరా పథకాలు, 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ద్వారా శుద్ధిచేసిన నదీజలాన్ని ఇండ్లకు అందించడం ఈ దిశలో జరిగిన ప్రధానమైన కృషి. అయినా ఇదివరకే వంగిన ఎముకలను ఏ జలమూ నిటారు చేయలేదు. ఆ తరానికి ఆసరా, చికిత్స, పోషణ అవసరమే.

ముగింపు

1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ తన గ్రంథానికి ఆర్థోపెడీ అని పేరు పెట్టాడు. ఆర్థోస్ అనగా నిటారైనది. పైడియోన్ అనగా శిశువు. పిల్లల శరీరవైకల్యాలను నివారించే, సరిదిద్దే కళ అని ఆ గ్రంథనామానికి వివరణ. అందులో నివారణ ముందు, సరిదిద్దడం తరువాత. పరిశ్రమ విస్తరించినకొద్దీ సరిదిద్దడమే శాస్త్రమనిపించుకొంది. నివారణ మరుగున పడింది. విరిగిన ఎముకకు కుశ కావాలి. అది చెట్టుపట్ట కావచ్చు, లోహం కావచ్చు. వంగే ఎముకకు ముందుగా కావలసినది మంచినీరు. నల్లగొండ సీమ అస్థిచికిత్సా చరిత్రకు చేర్చిన పాఠం ఇదే.