చిన్నమొక్క, పెద్దమొక్క: స్లిప్పర్ ఆర్కిడ్డు నేర్పు పాఠము

ఒకే జాతి మొక్కలను ఒకే తోటలో పెంచినను ఒకటి జానెడును, మరియొకటి మూరెడును ఎదుగుట రైతు సోదరు లెఱిగినదే. ఈ భేదము విత్తనమున నున్నదా, తావున నున్నదా? ఇది తెలియనివాడు ఏటేట తగని చెట్టునుండి విత్తనము దాచుచుండును. స్లిప్పర్ ఆర్కిడ్డు అను పూలమొక్కను పరిశీలించినచో ఈ విషయము స్పష్టపడును.

ఈ పువ్వు క్రిందిరేక చెప్పు ముందుభాగమువలె సంచిగా నుండుటచే ఆ పేరు కలిగినది. మన ఖమ్మము, భద్రాచలము ప్రాంతపు చెట్లపై పెరుగు వందా మొక్క ఆర్కిడ్డు కుటుంబములోనిదే గాని, స్లిప్పర్ జాతి మన యడవులలో లేదు. దక్షిణ భారతమున అగస్త్యమలై కొండలయందు పసుపుపచ్చని పూలు పూచు డ్రూరీ జాతి యొక్కటియే కలదు; అదియు నశించు స్థితిలో నున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ మొక్కలకు రక్షణ నొసగుచున్నది. కావున అడవిమొక్కను పెఱికి తేరాదు. తోటలలో పెంచిన మొక్కనే కొనవలెను.

పెంపకము: దీనికి పొలపు మన్ను పనికిరాదు. బెరడుముక్కలు, బొగ్గు, ఇటుకముక్కలు కలిపి కుండీ నింపవలెను. నీరు దాచుకొను దుంప దీనికి లేదు గనుక వేళ్లు పూర్తిగా ఎండరాదు. కుండీలో నీరు నిలువను రాదు. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. అప్పుడు నీడయు, చల్లదనమును, గాలియు కల్పింపలేనివారు దీని జోలికి పోకుండుట మేలు.

పరిమాణ భేదమునకు మొదటి కారణము వంశము. ఒక్క కాయలో ధూళివంటి గింజలు వేలకొలది యుండును. వాటియందు ఆహారపు నిలువ లేదు. అడవిలో ఒకవిధమగు బూజు సాయమున మొలచును. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు నడ్సన్, బూజు లేకయే, చక్కెర కలిపిన ఆహారముపై ఆర్కిడ్డు గింజలను మొలపించు పద్ధతిని ప్రకటించెను. సంకరమైన కాయనుండి వచ్చిన మొక్కలు ఒకతల్లి బిడ్డలవలె వేర్వేఱు పొడవుల నుండును.

రెండవ కారణము తావు. నీడ హెచ్చినచో ఆకులు సాగి వ్రేలాడును. వెలుతురు హెచ్చినచో పొట్టివగును. దుబ్బునుండి ఒంటిపిలకను విడదీసి నాటినచో కొంతకాలము చిన్నదిగానే యుండును. అచట జాతి మారలేదు, బలము తగ్గినది.

పరీక్ష యెట్లు? రెండు మొక్కలను ఒకేవిధమగు కుండీలలో, ఒకే వెలుతురున ఉంచవలెను. ప్రతి పిలకయు ఒక్కసారి పూచి, ప్రక్కన క్రొత్తపిలక వేయును. అట్లు రెండు మూడు పిలకలు ఎదిగిన పిదపను భేదము నిలిచినచో అది వంశభేదము, సమసిపోయినచో తావుభేదము.

డెన్మార్కు దేశమున యోహాన్సెన్ 1903లో చిక్కుడుగింజలతో ఇదియే నిరూపించెను. ఒకే శుద్ధవంశములోని పెద్దగింజలను, చిన్నగింజలను వేఱుగా విత్తగా, రెంటి సంతానమునకును సగటు బరువు సమానముగానే వచ్చెను.

మన మిరపచేనికిని ఇది వర్తించును. పెంటకుప్ప చెంతనో, గట్టు ప్రక్కన ఒంటరిగనో ఏపుగా పెరిగిన చెట్టును చూచి మోసపోకుడు. చేని నడుమ, ఇరుగుపొరుగు చెట్లతో సమానమైన ఎరువును, ఎడమును పొంది, వాటిని మించిన చెట్టును గుర్తింపుడు. ఒక్కొక్క చెట్టు గింజను మరుసటి యేడు వేఱు సాలున విత్తి పోల్చిచూడుడు. కొనిన సంకర విత్తనపు పంటనుండి మాత్రము గింజ దాచవలదు. తరువాతి తరమున చెట్లు సమముగా నుండవు. ఎరువు ఇచ్చిన బలము ఆ పంటతోనే తీరును. వంశబలము గింజవెంట వచ్చును.