చదరంగపు గడులలోని మహాసంఖ్య

చదరంగమును కల్పించిన పండితుడు రాజును కోరిన బహుమానము కథ విద్యార్థులు విన్నదే. మొదటి గడిలో ఒక గోధుమగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువది నాలుగు గడులును నింపవలెను. రాజుగారి గాదెలు చాలలేదని చెప్పి కథకులు ముగింతురు. గణితము అక్కడనే మొదలగుచున్నది.

మొత్తము గింజలు 2⁶⁴ − 1, అనగా 1,84,46,74,40,73,70,95,51,615. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ తన ‘ఆసారుల్ బాఖియా’ అను అరబీ గ్రంథమున ఈ సంఖ్యను ఒక్క అంకెయు తప్పకుండ చూపెను. గడి గడికి కూడుచు పోవలసిన పని లేదు. వర్గము చేయుట అతని ఉపాయము. 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296. మరియొక వర్గముతో 2⁶⁴ వచ్చును. ఆరు గుణకారములు చాలును.

ఈ మెట్లనే దిగి వచ్చినచో కారణాంకములు లభించును. ఏ సంఖ్య వర్గమునుండియైనను 1 తీసివేసినచో మిగులునది, ఆ సంఖ్యకు 1 కలిపినదానికిని 1 తీసివేసినదానికిని లబ్ధము. ఈ సూత్రమును మరల మరల వాడగా మన సంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరింటి లబ్ధమగును.

మొదటి అయిదును ప్రధాన సంఖ్యలు. ఇట్టివన్నియు ప్రధానములేయని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో విశ్వసించెను. అంతటివాడే అయిదు ఉదాహరణములను చూచి నమ్మినప్పుడు, మనము పరీక్షలో రెండు ఉదాహరణములు వ్రాసి ‘కావున’ అనుటలో వింత లేదు! ఆరవదానిని భాగహారముచే పరీక్షింపవలెనన్న, 65,536 లోపు ప్రధాన సంఖ్యలే 6,542 కలవు.

1732లో ఆయిలర్ 641 దానిని నిశ్శేషముగా భాగించునని చూపెను. దాని ప్రధాన కారణాంకము ఏదైనను 64చే భాగింపగా 1 శేషించు సంఖ్యయే కావలెనని కూడ తరువాత నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. వేలకొలది భాగహారములకు బదులు అయిదవదానితోనే పని ముగియును!

భాగహారము చేయకయే దీనిని సరిచూడవచ్చును. 640 అనగా 5 × 2⁷. దానిని 641చే భాగించిన శేషము −1 అనవచ్చును. కావున దాని నాలుగవ ఘాతము 5⁴ × 2²⁸ శేషము 1. మరియొక వైపు 641 = 625 + 16, అనగా 5⁴ + 2⁴. కావున శేషము మారకుండ 5⁴ స్థానమున −16 ఉంచవచ్చును. 16 × 2²⁸ అనగా 2³². దానికి ఋణ చిహ్నమున్నను శేషము 1 కనుక, 2³² + 1 నిశ్శేషముగా భాగింపబడును.

భాగఫలము 67,00,417 కూడ ప్రధానమే. కనుక గోధుమగింజల సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకములును, 128 భాజకములును కలవు. ఫెర్మా చెప్పిన వరుసలో 65,537 తరువాత ప్రధాన సంఖ్య ఒక్కటియు నేటివరకు దొరకలేదు.