కబురు చేర్చవలసినవాడు



యుద్ధం అనగానే తుపాకి పట్టినవాడే మన కళ్ళ ముందు మెదలుతాడు. కబురు మోసేవాడు ఎవరికీ గుర్తురాడు. ఈ వారం అటువంటి ఒక యువకుని గురించి తెలుసుకుందాం. ఆయన జె.ఆర్.ఆర్. టోల్కీన్. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయితగా లోకానికి తెలిసినవారే.

1892లో జన్మించిన టోల్కీన్ చిన్నతనంలోనే తండ్రిని, పన్నెండవ ఏట తల్లిని కోల్పోయారు. కతోలిక విశ్వాసాన్ని స్వీకరించినందుకు బంధువుల ఆదరణ పోగొట్టుకున్న ఆ తల్లి, తన ఇద్దరు కుమారులను బర్మింగ్‌హామ్ గురువు ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ గారి సంరక్షణకు అప్పగించి కన్నుమూసింది. టోల్కీన్ 1915లో ఆక్స్‌ఫర్డులో చదువు ముగించి సైన్యంలో చేరారు, సిగ్నల్స్ పని నేర్చుకున్నారు. 1916 మార్చి 22న ఎడిత్‌తో వివాహం. జూన్ మొదటి వారంలో ఫ్రాన్సు ప్రయాణం!

అక్కడ సోమ్ నది ప్రాంతంలో జులై 1న మహాయుద్ధం మొదలైంది. ఆ ఒక్కరోజే 19 వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు మరణించారు. లంకాషైర్ ఫ్యూజిలియర్స్ 11వ బెటాలియనుకు టోల్కీన్ సిగ్నల్స్ అధికారి అయ్యారు. ఆ పని ఎంత కష్టమో చూడండి. టెలిఫోను తీగలు వేస్తే ఫిరంగి గుండ్లకు తెగిపోయేవి. తెగకపోయినా భూమి గుండా పాకే విద్యుత్తును పట్టి జర్మనులు మాటలు వినేవారు. జెండాలు ఊపితే శత్రువు కంటబడక తప్పదు. ఇక మిగిలినవి దీపాలు, పావురాలు, చీటీ పట్టుకొని గుండ్ల మధ్య పరుగెత్తే మనిషి. కబురు అందకపోతే ముందున్న వారి గతి ఏమిటో వెనుకనున్న వారికి తెలియదు. సొంత ఫిరంగులే సొంతవారి మీద పడవచ్చు.

ఇంటికి వ్రాసే ఉత్తరాలపైనా సెన్సారు ఉండేది. తానెక్కడున్నదీ భార్యకు తెలియాలని టోల్కీన్ చుక్కల సంకేతం ఒకటి కల్పించారు. నిబంధనకు విరుద్ధమే. అయినా కొత్త పెళ్ళికూతురి ఆందోళన తెలిసినవారెవరు తప్పు పడతారు?

బడి నాటి నుండి ఆయనకు ముగ్గురు ప్రాణమిత్రులు: గిల్సన్, స్మిత్, వైజ్‌మన్. గిల్సన్ జులై 1నే మరణించాడు. కబుర్లు చేర్చే టోల్కీన్‌కు ఆ కబురు చేరటానికి రెండు వారాలు పట్టింది. అక్టోబరు చివర పేలు వ్యాపింపజేసే ట్రెంచ్ జ్వరం సోకి, నవంబరులో ఆయన ఓడపై ఇంగ్లాండు చేరారు. డిసెంబరు 3న స్మిత్ గుండు ముక్కల గాయాలతో మరణించాడు.

ఈ స్మిత్ కవి. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, రాత్రి గస్తీకి బయలుదేరబోతూ, టోల్కీన్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. తాను చనిపోతే, తాను చెప్పదలచినది తన తరువాత నీవు చెప్పాలన్నది దాని సారాంశం. ఆలోచించండి, సిగ్నల్స్ శిక్షణలో ఉన్న మనిషికి ఇంతకన్నా బరువైన కబురు అప్పగించగలరా?

స్మిత్ తల్లి కుమారుని కవితలు మీ వద్ద ఏమైనా ఉన్నాయా అని అడిగింది. టోల్కీన్, వైజ్‌మన్ కలిసి వాటిని పోగుచేశారు. ఆ చిన్న పుస్తకం 1918లో అచ్చయింది. ముందుమాట టోల్కీన్ వ్రాశారు.